నేల కాక

కొత్తకోట చౌరస్తల నా బజ్జీల బండి.
పొద్దూకితె గద్వాల బస్సు, కర్నూలు బస్సు,
మిర్చి ఘాటుకు తుమ్ముకుంట దిగే జనం.
పామాయిలు పాకెట్టు మూల పండ్లతోని కొరికి
కడాయిల వంపుతుంటె
పాకెట్టు మీద రెండు పచ్చటి చెట్లు.
అవి ఏ ఊరి చెట్లో
పదేండ్లల్ల ఒక్కనాడు అడగలే.

చెప్పింది మా తమ్ముడు కుర్మయ్య.
సముద్రం అవుతల, నోరు తిరగని పేరున్న దీవిల
తోట పనికి పోయిండు.
ఫోన్ల మొఖం మసకగుంటె
సిగ్నల్ లేదనుకున్న.
సిగ్నల్ మంచిగనే ఉన్నది. పొగ.
ఆని నెత్తి మీద పొద్దు
తుప్పుపట్టిన బిళ్ళ లెక్క.

"అడివి అంటుకున్నదారా?"
"అడివి ఎన్నడో అయిపోయిందక్కా.
ఇది నేల.
నేల కాలుతున్నది."

నేల కాలుడేంది?
మన కాడ ఎండకు బండలు పగులుతయి,
అరికాళ్ళు బొబ్బలెక్కుతయి,
మన్ను ఎన్నడన్న అంటుకున్నదా?

విడమర్చి చెప్పిండు.
ఆడి మన్ను మన్ను గాదంట.
ఎన్ని వందల తరాల ఆకులో, కొమ్మలో, వేర్లో
నీళ్ళల్ల నానుకుంట, పూర తుక్కుగాక
ఒకదాని మీదొకటి పండుకున్నయంట.
చెయ్యి పెడితె మోచేతి దాక దిగే నల్ల తడి.
ఈ చెట్టుకేమో కాళ్ళ కింద నీళ్ళు నిలిస్తె పడదు.
అందుకని కాల్వలు తవ్విన్రు.
నీళ్ళు ఏట్లకు పోయినయి,
నేల పిడకయింది.
ఇంగ ఒక్క బీడి ముక్క చాలు.
మీద నీళ్ళు కొడితె ఆరినట్లే ఉంటదంట,
నాలుగు దినాలకు గట్టు అవుతల లేస్తదంట,
పొట్టుపొయ్యి లెక్క
లోపల్లోపలే రాజుకుంట.

"కాల్వలెవరు తవ్విన్రు?"
జెరసేపు దగ్గొక్కటే వినిపించింది.
"నేను గూడ."

మా తాత ఆశన్న పార పట్టి
ఏ డ్యాముకు మన్నెత్తలే?
పాలమూరోడు తవ్విన కాడల్ల నీళ్ళే,
పాలమూర్ల తప్ప, అని నవ్వెటోడు మా నాయిన.
మాకు మిగిలిన ఆస్తి ఆ నవ్వొక్కటే.
ఇప్పుడు తమ్ముడంటుండు
"తాత తవ్వితె నీళ్ళొచ్చినయక్కా.
నేను తవ్వితె పోయినయి."

ఆ నెల పాకెట్టుకు పన్నెండు రూపాయలు పెరిగింది.
బజ్జీ జెర చిన్నగ చేసిన.
ఎవ్వరు గుర్తుపట్టలే,
ఒక్క పోరడు తప్ప.

మా ఊరికిగూడ కాల్వొచ్చింది,
అబద్ధమెందుకు.
రెండు కార్లు వరి పండుతున్నది.
కోత మిషన్ గట్టు దాటంగనే
కొయ్యకాళ్ళకు అగ్గి పెడుతున్రు.
హైవే మీద లారీలు పట్టపగలు లైట్లేసుకుంటున్నయి.
సవారమ్మ మనుమరాలికి దమ్ము ఆడక
వనపర్తి దవాఖానల ముక్కుకు గొట్టం పెట్టిన్రు.
ఎవరినంటం?
గట్టు అవుతల మా పాలోళ్ళ చేను.
గట్టు ఇవుతల మాది.
అగ్గిపెట్టె నా కొంగులనే ఉండె.

మొన్న ఆఫీసరు వచ్చిండు,
సబ్సిడీల పామాయిలు మొక్కలంట, డ్రిప్పు పైపులు గూడ ఇస్తరంట.
మొక్కదేం తప్పు?
ఈడ ఎండబెట్టెతందుకు బురదన్న లేదాయె.
కుర్మయ్య అప్పటికి తిరిగొచ్చి ఇరవై దినాలు.
ఒక్క మొక్క చేతిలకు తీస్కున్నడు,
ఆకును పసిపిల్ల చెవి పట్టినట్లు పట్టి చూసిండు.
"పెట్టుకోండ్రి.
గుంతలు మాత్రం నేను తవ్వ."

రాత్రి బండి కాడికొస్తడు, దగ్గుకుంట.
పొగ ఏ దిక్కు పోతున్నదో చూసి
దానికి ఎదురు దిక్కుల నిలవడతడు.
ఉల్లిగడ్డ కోసిస్తడు, పేపర్లు చింపిస్తడు.
కూసునే ముందు మాత్రం
అరచెయ్యి నేలకు ఆనిస్తడు,
జరమొచ్చిన పిల్లకు చూసినట్లు.

"సల్లగనే ఉన్నదారా?"
"ఈడ సల్లగనే ఉన్నదక్కా"
అని,
మూరెడు పక్కకు జరిగి
మల్ల చూస్తడు.